కంబాహీ ప్రకటనకు తెలుగు అనువాదం ఉందా?

నల్లజాతి మహిళలు జెండర్ న్యాయం కోసం విడిగా ఎందుకు సంఘటితమయ్యారో వచ్చే నెల మా మహిళా సంఘంలో చర్చ ఉంది. అమెరికాలోని బోస్టన్‌లో 1974లో మొదలైన నల్లజాతి స్త్రీవాదుల బృందం కంబాహీ రివర్ కలెక్టివ్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. 1979లో అక్కడ నల్లజాతి స్త్రీలు వరుసగా హత్యకు గురయ్యారు. నిరసన సభలో మగ వక్తలు దాన్ని జాతి సమస్యగానే చూసి, ఆడవాళ్లను ఇల్లు కదలొద్దన్నారు. అప్పుడు ఈ కలెక్టివ్ వాళ్లు కరపత్రం వేశారు. మృతుల సంఖ్య పెరిగేకొద్దీ పాత అంకె కొట్టేసి పక్కన కొత్తది వేసేవాళ్లు. ఇది చెబితే అందరికీ వెంటనే అర్థమవుతోంది.

చిక్కంతా తమ రాజకీయ ఆలోచనల్ని వివరిస్తూ 1977లో వాళ్లు రాసిన ప్రకటనతోనే. ఇంగ్లిష్ ప్రతి ఇస్తే చాలామంది చదవలేకపోయారు. గూగుల్ అనువాదం అసలు పనికిరాలేదు. లైబ్రరీలో, పాత స్త్రీవాద పత్రికల్లో వెతికినా దొరకలేదు.

దీని పూర్తి తెలుగు అనువాదం ఏ పత్రికలో లేదా సంకలనంలో వచ్చిందో చెప్పగలరా?