తెలుగొకండా, తెలుగు కండా?

సత్యనారాయణపురం, విజయవాడ:
ఆగస్టు 29న మా అపార్ట్‌మెంట్ పిల్లలతో గిడుగు వారి జయంతి చేస్తున్నాం. ఫ్లెక్సీ మీద శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని ‘తెలుగదేలయన్న దేశంబు తెలుగేను’ పద్యం నాలుగు పాదాలూ వేయించాలని రాసిచ్చాను. ప్రూఫ్ వచ్చాక రెండో పాదం దగ్గర ఇంట్లోనే వాదన మొదలైంది. నా నోటికి వచ్చేది ‘తెలుగు వల్లభుండ తెలుగొకండ’. మా అత్తయ్యగారు మాత్రం ‘తెలుగు కండ’ అంటారు. కండ అంటే కలకండేనట. ఆవిడ పాడుతుంటే అదీ బాగానే ఉంది. ఎల్లుండి పొద్దున్నకల్లా ప్రింటుకి ఓకే చెప్పాలి. ఏది వేయించమంటారు?

అరండల్‌పేట, గుంటూరు:
ఒకండ. పై పాదం చివర ‘ఏను’ ఉంది కదా, అంటే ‘నేను’. ఏను వల్లభుండ, ఏను ఒకండ. రెండూ ఉత్తమ పురుష రూపాలే. మధ్యలో కలకండ తెచ్చి పెడితే అన్వయం తెగిపోతుంది.

తెనాలి:
‘తెలుగు ఎందుకు’ అని అడిగితే జవాబు భాష గురించి ఉండాలి కదండీ. దేశం తెలుగుది, నేను తెలుగు వల్లభుణ్ణి అన్నాక మళ్ళీ ‘నేనొక తెలుగువాణ్ణి’ అంటే మెట్టు దిగినట్టు లేదూ? కండ అంటేనే భాష రుచి గురించి ఒక్క మాటైనా చెప్పినట్టవుతుంది. నా ఓటు అత్తయ్యగారికే.

అరండల్‌పేట:
సరే, ‘గొ’లో ఒత్వం ఎక్కణ్ణుంచి వచ్చింది? ‘తెలుగో, కండ!’ అని సాగదీయడానికి ఆటవెలది ఒప్పుకోదు. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే: తెలుగు, వల్ల, భుండ, తెలుగొ, కండ. నాలుగోది న గణం. దీర్ఘం పెట్టారో, స గణమై కూర్చుంటుంది.

తెనాలి:
సాగదీయమని నేననలేదు. ‘తెలుగు కండ’ అన్నా అదీ న గణమే. యతి తె-తె, అదీ చెడలేదు. ఛందస్సు ఇద్దరి పక్షానా సాక్ష్యం చెబుతోంది.

అరండల్‌పేట:
అయితే వ్యాకరణం చూద్దాం. ప్రథమ మీద పరుషం వచ్చింది కాబట్టి ‘తెలుగు గండ’ కావాలి. గసడదవలు మర్చిపోయారా?

తెనాలి:
మర్చిపోలేదు. చిన్నయసూరి ఆ సూత్రంలోనే ‘బహుళం’ అన్నాడు, అంటే మారకపోయినా తప్పులేదు.

ఘంటసాల మేష్టారు:
అమ్మా, అబ్బాయీ, ఇద్దరూ ఒక్క సంగతి చూడండి. ఆ మాటలన్నది రాయలు కాదు, మా శ్రీకాకుళం స్వామి. జిల్లా శ్రీకాకుళం కాదు, మా ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. ఆ పద్యానికి ముందున్న వచనంలోనే ఉంది: కళింగ దండయాత్రకు బయల్దేరిన రాయలు ‘విజయవాటి’లో కొన్నాళ్ళు విడిది చేసి, అక్కణ్ణుంచి ఈ స్వామిని, అంటే ఆంధ్రవిష్ణువును, సేవించడానికి వెళ్ళాడు. హరివాసరం, అంటే ఏకాదశి, ఉపవాసమున్నాడు. ఆ రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనిపించి కావ్యం రాయమన్నాడు. విజయవాటి అంటే మీరు ఫ్లెక్సీ కడుతున్న బెజవాడే! ఇక నా మాట: ‘తెలుగు ఒకండ’ అంటే తెలుగు పేరు పెట్టుకున్న దేవుణ్ణి నేనొక్కణ్ణే అని. కొండ పేరుతో పిలిచే స్వాములున్నారు, ఊరి పేరుతో పిలిచేవాళ్ళున్నారు. జాతి పేరు ముందు పెట్టుకున్న స్వామిని ఇంకొకర్ని చూపించండి.

సత్యనారాయణపురం:
మేష్టారూ, ఈ అర్థం నేనెప్పుడూ వినలేదు. పిల్లల చేత ఆ వచనం కూడా చదివిస్తాను.

ఘంటసాల మేష్టారు:
చదివించండి. పనిలో పనిగా కాసుల పురుషోత్తమ కవి సీసం కూడా ఒకటి నేర్పండి. ఈ స్వామి మీదే చెప్పిన శతకం, ‘హత విమత జీవ! శ్రీకాకుళాంధ్రదేవ!’ అని మకుటం. భూదేవి భార్య కాబట్టి అఖిల భారకుడివన్నారు, లక్ష్మి భార్య కాబట్టి కోరినవిచ్చేవాడివన్నారు, గంగ కూతురు కాబట్టి పతితపావనుడివన్నారు అని వరసగా చెప్పి, చివర ‘ఆండ్రు బిడ్డలు దెచ్చు ప్రఖ్యాతె గాని, మొదటి నుండియు నీవు దామోదరుడవె’ అంటాడు. దామోదరుడంటే విష్ణువు పేరే, పొట్టకు తాడు కట్టించుకున్నవాడనీ అర్థం; ఆ ఒక్క మాటలో నిందా స్తుతీ రెండూ ఎలా అమర్చాడో చూడండి. దేవుడితో అంత చనువుగా మాట్లాడిన కవి నాకు ఇంకొకరు లేరు.

వినుకొండ:
అందరూ రెండో పాదం దగ్గరే ఆగారు. నాలుగో పాదం మా ఊరి పేరున్న కవిది. ‘జనని సంస్కృతంబు సకల భాషలకును, దేశభాషలందు తెలుగు లెస్స’ అని రాయలకు సుమారు 100 ఏళ్ళ ముందే క్రీడాభిరామంలో వినుకొండ వల్లభరాయుడు అన్నాడు.

తెనాలి:
క్రీడాభిరామం శ్రీనాథుడిదన్నవాళ్ళూ ఉన్నారు కదండీ.

వినుకొండ:
ఉన్నారు. శ్రీనాథుడిదైనా మా పక్కకే వస్తుంది. కొండవీట్లో విద్యాధికారి ఆయన. 1515లో రాయలు గెలిచిన కొండవీడు అదే.

కృష్ణలంక:
కాస్త మూడో పాదం చూడండి. ‘ఎల్ల నృపులు గొలువ నెఱుగవే బాసాడి’. నా దృష్టిలో పద్యానికి ఆయువుపట్టు ఇది. నీ కొలువుకు రాజులందరూ వస్తారు, వాళ్ళందరితో మాటాడి చూశావు, నీకు తెలియదా అంటున్నాడు స్వామి. నలుగురి భాషలూ విన్నవాడి చేత ‘లెస్స’ అనిపిస్తున్నాడు. ఆ పక్క పద్యంలోనే స్వామి తనని తెలుంగురాయడన్నాడు, రాయల్ని ‘కన్నడరాయా’ అని పిలిచాడు. రాయలది తుళువ వంశం. అంతకుముందు సంస్కృతంలో రాసినవాడు. చెప్పమన్నది శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి పెళ్ళి కథ, అంటే తమిళ దేశపు కథ. ఇన్ని భాషల మనిషి తెలుగులో కావ్యం రాశాడు. నాలుగో పాదాన్ని ఒక్కదాన్నే విడదీసి ఇతర భాషల మీద విసరడం చూస్తే నాకు బాధేస్తుంది. ఫ్లెక్సీ మీద మూడో పాదం మాత్రం తీసెయ్యకండి.

అరండల్‌పేట:
మంచి మాట. తెలుంగురాయడన్నది నా వాదానికీ పనికొస్తుంది. స్వామి తన గురించే చెప్పుకుంటున్నాడు, కాబట్టి ఒకండ.

తెనాలి:
ఒకసారి చెప్పుకున్నాడు కాబట్టి రెండోసారి అక్కర్లేదు. కండ.

వినుకొండ:
కన్నడరాయ అనగానే శ్రీనాథుడు గుర్తొచ్చాడు. ‘కుల్లాయుంచితి కోక సుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్’ చాటువు. కన్నడ రాజ్యమైన విజయనగరానికి వెళ్ళి, కొండవీటి వేషం, కొండవీటి తిండి పక్కనపెట్టి కుల్లాయి (టోపీ) పెట్టుకున్నాడు, కూర్పాసం (అంగీ) తొడిగాడు, వెల్లుల్లి తిన్నాడు, చల్లాయంబలి తాగాడు. ‘తల్లీ కన్నడ రాజ్యలక్ష్మి, దయలేదా, నేను శ్రీనాథుడన్’. ఆ చివరి రెండు మాటల దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కృష్ణలంక:
భీమేశ్వర పురాణంలో ‘నా కవిత్వంబు నిజము కర్ణాటభాష’ అన్నవాడూ ఆయనే. తెలుగు కావ్యంలో కూర్చుని ఆ మాటన్నాడు!

ఘంటసాల మేష్టారు:
అక్కడ కర్ణాటమంటే కన్నడం కాదు నాయనా. చెవుల్లో ఆడేది, చెవికి ఇంపైనది అని అర్థం.

కృష్ణలంక:
మేష్టారూ, దానికి ముందు పాదాలు ‘సంస్కృతభాష యండ్రు, ఆంధ్రభాష యండ్రు’ అని భాషల పేర్లు చెప్పాయి. మూడోచోట మాత్రం చెవుల గురించి అంటే ఎలా ఒప్పుకోను?

అరండల్‌పేట:
కర్ణాటభాషకి వేరే పోస్టు పెట్టండి. అక్కడ నేనూ నాలుగు మాటలు చెప్పాలి.

సత్యనారాయణపురం:
ప్రెస్ అబ్బాయి ఫోన్ చేస్తున్నాడు. ‘గొ’ ఉంచమన్నాను. అత్తయ్యగారు పిల్లలకి ‘కండ’ అనే నేర్పుతున్నారు.