అప్‌డేట్: అమెరికాలో సుమత్రా ఖడ్గమృగం ఇంకా ఉందా?

ఒళ్లంతా వెంట్రుకలుండే సుమత్రా ఖడ్గమృగాన్ని అమెరికా జూల్లో ఇప్పటికీ చూడొచ్చా అని అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ థాంక్స్. చూడలేం. అక్కడ మిగిలిన చివరిది, సిన్సినాటి జూలో పుట్టిన హరపాన్, 2015లోనే ఇండోనేషియా వెళ్లిపోయింది.

నన్ను కదిలించింది దాని తల్లి ఎమీ కథ. ఐదుసార్లు గర్భం పోయాక, సిన్సినాటి జూ శాస్త్రవేత్త టెర్రీ రోత్ బృందం ప్రొజెస్టెరాన్ హార్మోన్ ఇచ్చి నిలబెడితే, 2001 సెప్టెంబరులో అండలాస్ పుట్టింది. మనుషుల సంరక్షణలో ఈ జాతి పిల్ల పుట్టడం 112 ఏళ్లలో అదే మొదటిసారి! ఎమీ 2009లో, కూతురు సుచి 2014లో చనిపోయాయి. అది చదివి చాలా బాధపడ్డాను.

కానీ అండలాస్, హరపాన్ రెండూ సుమత్రాలోని వే కంబాస్ జాతీయ పార్కులో తండ్రులయ్యాయి. హరపాన్ పిల్ల 2023 నవంబరులో పుట్టింది.