న్గుయెన్ వాన్ కోక్ లెక్క తొమ్మిదా, ఏడా?

గగన వీక్షకుడు: వియత్నాం యుద్ధంలో న్గుయెన్ వాన్ కోక్ ఉత్తర వియత్నాం ఫైటర్ పైలట్, తొమ్మిది అమెరికా విమానాలు కూల్చారంటారు. 1967 జనవరి 2న అమెరికన్లు పన్నిన వల ఆపరేషన్ బోలోలో కోక్ గారి మిగ్-21 కూలింది, ప్యారాచూట్‌తో బయటపడ్డారు. ఏప్రిల్ 30న అదే మనిషి అమెరికా బాంబర్ ఎఫ్-105ను కూల్చారు. ఈ నాలుగు నెలల్లో ఏం మారింది? తర్వాత యుద్ధం నుంచి ఎందుకు తప్పించారు?

పాత ఎయిర్‌మన్: పదిహేనేళ్లు మిగ్-21ల దగ్గర పనిచేశాను. కె-13 మిస్సైల్ ఇంజన్ వేడిని పట్టుకుని పోతుంది, వెనక నుంచే కొట్టాలి. కోక్ కాలంలో విమానానికి ఉన్న మిస్సైళ్లు రెండే. వాటితో తొమ్మిది కూల్చడం మాటలా? 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన మిగ్-21లకు వీడ్కోలు చెబుతుంటే టీవీ ముందు ఏడ్చేశాను.

లెక్కల మాస్టారు: తొమ్మిదిలో రెండు ఫైర్‌బీలు, అంటే పైలట్ లేని డ్రోన్లు. ఏడు అనండి.

పాత ఎయిర్‌మన్: ఫైర్‌బీ అంటే గాలిపటం అనుకున్నారా? ఫోటోలు తీసే నిఘా విమానం. ఆ ఫోటోలు చూసుకునే తర్వాత బాంబులు వేసేవాళ్లు. అంత చిన్నదాన్ని ఆకాశంలో వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో మీకేం తెలుసు?

లెక్కల మాస్టారు: గొంతు పెంచకండి. ఏడైనా ఆయనే ముందు, అమెరికన్లలో అందరికంటే ఎక్కువ కూల్చిన డిబెల్‌వ్యూకి ఆరే. ఆయన్ని తక్కువ చేశానని ఎవరన్నారు?

హనోయ్ యాత్రికుడు: అక్కడి సైనిక చరిత్ర మ్యూజియంలో 4324 నంబరు మిగ్-21 చూశాను. ముక్కు మీద 14 ఎర్ర నక్షత్రాలు, కూల్చిన ఒక్కో విమానానికి ఒకటి. చాలామంది ఒకే పైలట్‌వి అనుకుంటారు. దాన్ని తొమ్మిది మంది నడిపారు! నక్షత్రాలు విమానానివి, ఒక పైలట్‌వి కావు.

క్విజ్ ప్రేమికుడు: ఈ ముక్క నాకు అప్పుడే తెలిసుంటే! కాలేజీ క్విజ్‌లో వియత్నాం టాప్ పైలట్ 'కర్నల్ టూన్' అన్నారు. అలాంటి మనిషే లేడని, అది కట్టుకథని వాదించాను, మార్కులు కోసేశారు. పదేళ్లయినా కోపం తగ్గలేదు.

గగన వీక్షకుడు: నా ప్రశ్న ఎవరైనా చూశారా?

రాడార్ రాజు: బోలోలో అమెరికా ఫైటర్లు ఎఫ్-4లు ఎఫ్-105ల కాల్‌సైన్లతో (రేడియోలో పిలిచే పేర్లతో), వాటి దారిలోనే వచ్చి మోసం చేశాయి. ఆ దెబ్బతో మిగ్-21లు కొన్నాళ్లు వెనక్కి తగ్గాయి. మళ్లీ వచ్చాక తిరుగుతూ పోరాడటం మానేశారు. నేల మీది రాడార్ కంట్రోలర్ శత్రు విమానాల వెనక్కి తెచ్చి నిలబెడితే వేగంగా దిగి ఒక్కసారి కొట్టి వెళ్లిపోవడమే. ఏప్రిల్ 30న కోక్ వింగ్‌మన్, అంటే లీడర్ పక్కన ఎగిరే తోడు పైలట్; లీడర్ న్గుయెన్ న్గోక్ దో. ఇద్దరూ చెరొకటి కూల్చారు. కోక్‌కి 1969లో వీరుడి బిరుదు వచ్చింది, ఆ తర్వాత కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే పనిలో పెట్టారు.

లెక్కల మాస్టారు: చూశారా, రాజు గారు కూడా తొమ్మిది అనలేదు.

పాత ఎయిర్‌మన్: ఏడని కూడా అనలేదు.