అమ్మ ఒక్కతే వస్తోంది: చేతి సంచిలో నూనె, మందులకు ఏ కవరు కొనాలి?

కృష్ణలంక
అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మ హైదరాబాద్ నుంచి దోహా, అక్కడి నుంచి డాలస్, చివరికి మా కాన్సస్ సిటీకి వస్తోంది. 66 ఏళ్లు. విమానం ఎక్కడం ఇదే మొదటిసారి, తోడు ఎవరూ దొరకలేదు, తెలుగు తప్ప మరో భాష రాదు. పెద్ద పెట్టెల గురించి నాకు బెంగ లేదు, తమ్ముడు తూకం వేసి కట్టిస్తాడు. నా టెన్షన్ అంతా చేతి సంచి గురించే. కళ్లలో వేసుకునే చుక్కల మందు, కొబ్బరి నూనె, టూత్‌పేస్టు, మోకాళ్లకు రాసుకునే ఆయింట్‌మెంటు, ఇన్సులిన్ పెన్ను ఉంటాయి. ఇలాంటివన్నీ లోపలివి బయటికి కనిపించే సంచిలో పెట్టాలని విన్నాను. ఆన్‌లైన్లో చూస్తే లెక్కలేనన్ని రకాలు, అన్నిటి మీదా ఎయిర్‌పోర్టులో చెల్లుతుందనే రాసి ఉంది. హైదరాబాద్‌లో, దోహాలో రెండు చోట్లా ఆపకుండా పోనిచ్చే సంచి మీరు వాడి ఉంటే చెప్పండి.

సిద్దిపేట_ప్రయాణం
రెండు కాదండీ, మూడు చోట్లు. డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ అయ్యాక పెద్ద పెట్టెలు బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అక్కడే అప్పగించాలి. ఆ తర్వాత కాన్సస్ సిటీ విమానానికి ఇంకోసారి సెక్యూరిటీ ఉంటుంది. మా అత్తగారు వచ్చినప్పుడు ఈ మూడోది మేము మరిచిపోయాం. ఆవిడ విమానంలో ఇచ్చిన నీళ్ల సీసా దాచుకుని, డ్యూటీ ఫ్రీలో కొన్న సెంటు చేతిలో పట్టుకుని వెళ్లారు. నీళ్లు పోతే పోయాయి, సెంటు గురించి పావుగంట నిలబడాల్సి వచ్చింది. పెట్టెలు చేతికొచ్చినప్పుడే అలాంటివి అందులో వేసేయమని ముందే చెప్పి ఉంటే ఆ తిప్పలు లేకపోయేవి. మీ అమ్మగారికి ఇది కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి.

తుంగభద్ర
సంచి సంగతి చెబుతాను. నేను ఏడాదికి నాలుగైదుసార్లు తిరుగుతాను, ఇప్పటికి మూడు రకాలు వాడాను.

ముందు కొలత. ఒక్కో సీసా 100 మి.లీ. దాటకూడదు, అన్నీ కలిపి ఒక్క సంచిలో పట్టాలి, మనిషికి ఒకటే సంచి. ఇంతవరకు అన్ని చోట్లా దాదాపు ఒకటే. తేడా సంచి సైజులో ఉంది. యూరప్, బ్రిటన్, మన దేశం లీటరు సంచి అంటాయి, అంటే సుమారు 20 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు. అమెరికావాళ్లు క్వార్ట్ అంటారు, అది 946 మి.లీ., లీటరుకు కాస్త తక్కువ. అందుకని నేను చిన్నదాన్నే కొలతగా పెట్టుకుంటాను. 18 సెం.మీ. వెడల్పు, 19 సెం.మీ. ఎత్తు ఉన్న సంచి ఎక్కడా గొడవ పెట్టలేదు.

మన దగ్గర అమ్మే జిప్ కవర్ల మీద లీటర్లు రాయరు, అంగుళాలే ఉంటాయి. కొన్నాక ఇంట్లో లీటరు నీళ్ల సీసా తెచ్చి సంచిలో పోసి చూడండి. నీళ్లన్నీ పోశాక సంచి నిండి, జిప్ పడితే చాలు. పోశాక ఇంకా సగం ఖాళీగా ఉందంటే అది పెద్ద సంచి, దాన్ని వంటింట్లో వాడుకోండి. కింద అంచు వెడల్పుగా విప్పుకుని నిలబడే పౌచ్‌లు ఉంటాయి చూడండి, అవి చూడ్డానికి చిన్నవే. నీళ్లు పోస్తే లీటరున్నర పట్టినవి నా దగ్గరే రెండు ఉన్నాయి.

ఇక రకం. ముందువైపు పారదర్శకంగా, వెనక గుడ్డ ఉండే మేకప్ పౌచ్ వద్దు. నన్ను ఒక చోట దాన్ని ఖాళీ చేయించి, వేరే కవర్లోకి మార్చుకోమన్నారు. రెండు వైపులా కనిపించాలి, పైన మూసుకోవాలి, మూసినప్పుడు ఉబ్బి చిట్లిపోయేలా ఉండకూడదు. బ్రిటన్‌లో అయితే పైన ముడి వేసిన కవరు పనికిరాదని నిబంధనల్లోనే ఉంది.

భీమిలి_తీరం
మా ఇంట్లో 200 మి.లీ. నూనె సీసాలో సగం కన్నా తక్కువే ఉంచి పంపుతాం. లోపల 100 లేదు కదా, ఏమీ అనరు.

కొలిమిగుండ్ల
భీమిలి గారూ, దయచేసి ఆ మాట ఎవరికీ చెప్పకండి. లోపల ఎంత ఉందన్నది చూడరు, సీసా మీద ఎంత రాసి ఉందన్నదే చూస్తారు. ఇది నేను మా అమ్మ విషయంలో చూసిన సంగతి.

ఐదేళ్ల కిందట అమ్మ నా కాన్పుకు వచ్చింది. అమ్మమ్మ కరివేపాకు, మందార పూలు వేసి కాచిన నూనె, పసిబిడ్డ తలకు రాయడానికని 200 మి.లీ. సీసాలో అడుగున నాలుగు చెంచాలంత ఉంచి చేతి సంచిలో పెట్టుకుంది. పెద్ద పెట్టెలో పెడితే కారిపోతుందని భయం. హైదరాబాద్‌లో ఎలా దాటిందో తెలియదు, మధ్యలో దిగిన ఎయిర్‌పోర్టులో తీసి పక్కనున్న డబ్బాలో పడేశారు. ఎందుకు పడేశారో అమ్మకు అర్థం కాలేదు. చెప్పేవాళ్లు లేరు, అడగడానికి భాష రాదు. తప్పేదో చేశానని, విమానం ఎక్కనివ్వరని అనుకుని అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. ఎవరో తెలుగు అబ్బాయి చూసి, పలకరించి, గేటు దాకా తీసుకెళ్లాడు. ఆ అబ్బాయి ఎవరో ఇప్పటికీ మాకు తెలియదు.

అదే నూనె 50 మి.లీ. సీసాలో పోసి సంచిలో పెట్టి ఉంటే ఇంటికి చేరేది. ఆ మరుసటి ఏడు అమ్మమ్మ పోయింది. అందుకే ఇంత రాస్తున్నాను.

భీమిలి_తీరం
క్షమించండి అక్కా. మా వాళ్లు విశాఖ నుంచి ఢిల్లీకే వెళ్లేవారు, దేశం లోపలి విమానాల్లో ఎవరూ అడగలేదు. విదేశానికి లెక్క వేరని ఇప్పుడు తెలిసింది. వచ్చే సంక్రాంతికి నాన్న సింగపూర్ వెళ్తున్నారు, ఆ సీసా మార్పిస్తాను.

మందుల_చీటీ
నేను ఫార్మసిస్టుని. కృష్ణలంక గారూ, ఇన్సులిన్ని ఆ సంచిలో ఇరికించకండి. దాన్ని పెద్ద పెట్టెలో కూడా వేయకండి, సామాను అరలో చలికి గడ్డకడితే మందు పనికిరాదు. ప్రయాణానికి అవసరమైన మందులకు 100 మి.లీ. పరిమితి నుంచి మినహాయింపు ఉంది. విడిగా చిన్న పౌచ్‌లో పెట్టి, స్కానర్ దగ్గర సంచీలు పెట్టేముందే చూపించాలి. డాక్టరు చీటీ, ఇంగ్లీషులో, మందు పేరు, మీ అమ్మగారి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మందుల అట్టపెట్టెలు పారేయకండి, మందు పేరు ఉన్న లేబుల్ వాటి మీదే ఉంటుంది. సూదులు కూడా ఆ పౌచ్‌లోనే, మందు పక్కనే ఉండాలి.

కంటి చుక్కలు 5, 10 మి.లీ. సీసాలే కాబట్టి మామూలు సంచిలో వేసేయొచ్చు. ఆయింట్‌మెంటు, బామ్, వాజిలిన్ కూడా ద్రవం లెక్కలోకే వస్తాయి, చాలామందికి ఇది తెలియదు. చలికాలంలో గడ్డకట్టిన కొబ్బరి నూనె గట్టిగానే ఉంది కదా అని విడిగా పెట్టకండి. మన దగ్గర దగ్గు సిరప్‌లు చాలావరకు 100 మి.లీ. సీసాలే, అవి సరిగ్గా గీత మీద ఉంటాయి, చెల్లుతాయి. టూత్‌పేస్టు మీద గ్రాములు ఉంటాయి. 150 గ్రాముల ట్యూబు సగం వాడేశామని పెట్టొద్దు, చిన్న ట్యూబు కొత్తది కొనండి.

ఎడిన్‌బరో_తెలుగు
ఇక్కడ ఎడిన్‌బరోలో, అలాగే బర్మింగ్‌హామ్‌లో 2025 జూలై నుంచి కొత్త స్కానర్లతో ఒక్కో సీసా 2 లీటర్ల వరకు పోనిస్తున్నారు, సంచే అక్కర్లేదు. సంతోషమే, కానీ దీని వల్లే నేను పోయిన ఏడాది ఇబ్బంది పడ్డాను. బయల్దేరేటప్పుడు 250 మి.లీ. షాంపూ దర్జాగా దాటింది, మధ్యలో దిగిన చోట పాత నియమమే ఉంది, అక్కడ తీసేశారు. టికెట్‌లో ఎన్ని ఊళ్లు ఉంటే అన్నిట్లో గట్టిగా ఉన్న నియమమే మనది అనుకుని సర్దుకోవాలి.

ఈ 100 లెక్క ఎక్కడిదని మా అబ్బాయి అడిగితే వెతికి చెప్పాను. 2006 ఆగస్టులో లండన్ నుంచి అమెరికా వెళ్లే విమానాలను ద్రవ రూపంలోని పేలుడు పదార్థాలతో కూల్చాలన్న కుట్రను బ్రిటన్ పోలీసులు బయటపెట్టారు. మొదట ద్రవాలన్నీ పూర్తిగా ఆపేశారు, కొన్ని వారాలకు ఇలా చిన్న సీసాలు, ఒక సంచి అని సడలించారు. చాలా చోట్ల ఇప్పటికీ అదే నడుస్తోంది.

కృష్ణలంక
అందరికీ చాలా థ్యాంక్స్. కొలిమిగుండ్ల అక్కా, మీ పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. తమ్ముడు నిన్న రెండు రకాలు తెచ్చాడు. ఒకటి వేళ్లతో నొక్కి మూసే మామూలు జిప్ కవరు, ఇంకొకటి పైన చిన్న పలక లాంటిది పట్టుకుని జరిపే స్లైడర్ కవరు. వీడియో కాల్‌లో అమ్మ చేత మూయించి చూశాను. వేళ్లు నొప్పులు కదా, నొక్కే రకం మూడుసార్లు మూసినా ఒక చివర తెరుచుకునే ఉంది. స్లైడర్‌ది మొదటిసారికే పడింది. తుంగభద్ర గారు చెప్పినట్టు నీళ్లు పోశాం, నిండింది. ఇక సీసాలు ఏవి కొనాలి?

తుంగభద్ర
చూశారా, ఈ మూసే సంగతి నాకు తట్టనే లేదు. పెద్దవాళ్లకు స్లైడరే మేలు. ఒకటి అదనంగా మడిచి చేతి సంచిలో ఉంచండి, పల్చటి కవర్లు అతుకు దగ్గర చిరుగుతాయి.

సీసాలకు వస్తే, గుండ్రటివి కాకుండా బల్లపరుపువి తీసుకోండి. 100 మి.లీ.వి పది పెడితే లీటరు అవుతుందని లెక్క కుదురుతుంది కానీ, గుండ్రటివి ఐదారు పెట్టేసరికే జిప్ పడదు. మీ అమ్మగారికి 30, 50 మి.లీ.వి చాలు. సీసా మీద మి.లీ. ఎంతో అచ్చు వేసి ఉండాలి, ఏ గుర్తూ లేని సీసాను తిప్పి తిప్పి చూస్తారు. మూత తిప్పి బిగించేది తీసుకోండి, పైకి ఎత్తితే తెరుచుకునే మూతలు సంచిలో ఒత్తిడికి లేస్తాయి. విమానం పైకి వెళ్లాక లోపలి గాలి ఒత్తిడి సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది, సీసాలో మిగిలిన గాలి వ్యాకోచించి నూనెను బయటికి నెడుతుంది. అంచు దాకా నింపకుండా, మెత్తటి సీసాను కొంచెం నొక్కి గాలి తీసి మూయండి. నూనె సీసాకు మూత కింద చిన్న ప్లాస్టిక్ ముక్క పెడితే ఇంకా మంచిది.

పెన్నా_ఒడ్డు
తిండి గురించి ఎవరూ అనలేదు. అమ్మలు దారిలో తినడానికి తప్పకుండా ఏదో కడతారు. పులిహోర, చపాతీలు, పూతరేకులు, సున్నుండలు ఫర్వాలేదు. పెరుగన్నం వద్దు, పెరుగు ద్రవం కిందికే వస్తుంది. నెయ్యి, ఆవకాయ, గోంగూర, పాకంలో నానిన స్వీట్లు అన్నీ పెద్ద పెట్టెలోకే. అమెరికా విమానాల్లో పొడులకు కూడా లెక్క ఉంది, 350 మి.లీ. డబ్బా కన్నా ఎక్కువ ఉంటే విడిగా తీసి చూస్తారు, కంది పొడి, కారం కూడా పెట్టెలోనే వేయండి.

గోదారిగట్టు
అబుదాబి మీదుగా వచ్చేవాళ్లకు ఒక మాట. అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, కాబట్టి దిగాక మధ్యలో పెట్టెలు చేతికి రావు. డ్యూటీ ఫ్రీ సీసాలు పెట్టెలో వేసుకుందామని అనుకుంటే కుదరదు. ఎక్కడ కొన్నా బిల్లుతో సహా సీలు వేసిన కవరు చింపకుండా ఉంచుకోవాలి.

సిద్దిపేట_ప్రయాణం
సంచి ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. చేతి సంచి బయటి జేబులో, చేయి పెడితే తగిలేచోట. మా అత్తగారికి ఇంట్లోనే పళ్లెం పెట్టి, సంచి తీసి అందులో వేయడం నాలుగుసార్లు చేయించాం.

కృష్ణలంక
అమ్మ నిన్న రాత్రి చేరింది. మూడు చోట్లా దాటింది. హైదరాబాద్‌లో సంచి తీసి పళ్లెంలో పెడితే అసలు ఎవరూ ముట్టుకోలేదట. దోహాలో ఇన్సులిన్ పౌచ్ చూపించి, డాక్టరు చీటీ ఇచ్చింది, ఒక అమ్మాయి చదివి నవ్వి వెనక్కి ఇచ్చిందట. డాలస్‌లో మాత్రం చేతి సంచి పక్కకు తీశారు. అమ్మకు గుండె ఆగినంత పనైందంది. చూస్తే పిన్ని బస్సెక్కించేటప్పుడు అమ్మకు తెలియకుండా పెట్టిన చిన్న ఆవకాయ డబ్బా. అది అంతకు ముందు రెండు చోట్లా ఎలా దాటిందో తెలియదు, అక్కడ తీసేశారు. నూనె, మందులు, ఆయింట్‌మెంటు అన్నీ ఉన్నాయి, చుక్క కారలేదు.

కొలిమిగుండ్ల అక్కా, ఆ నూనె సీసా ఒకటి మీ పేరు చెప్పి తమ్ముడి చేత 50 మి.లీ.ది కొనిపించాను. పొద్దున్నే అమ్మ మా పాప తలకు రాసింది.

కొలిమిగుండ్ల
చాలా సంతోషం చెల్లీ. అమ్మని రెండు రోజులు బాగా నిద్రపోనివ్వు.