అంచనాల ఫారం ఎప్పుడు ఇవ్వాలి? ఒత్తిడి శిక్షణలో మూడో వారం దాటగానే జనం మానేస్తున్నారు

ఉద్యోగులకు 8 వారాల ఒత్తిడి శిక్షణ నడుపుతున్నాం. వారానికి ఒక సెషన్, 45 నిమిషాలు: శ్వాస, కండరాల సడలింపు, ఆలోచనల్ని కాగితం మీద పెట్టి పరిశీలించడం. ఒత్తిడిని పీఎస్ఎస్-10 అనే ప్రశ్నావళితో (10 ప్రశ్నలు, 0 నుంచి 40 మార్కులు) మొదట్లో, 4వ వారం, 8వ వారం కొలుస్తున్నాం. ఆ ప్రశ్నలు గడిచిన నెల గురించి కాబట్టి అంతకంటే ముందే కొలిచి లాభం లేదు.

రెండు బ్యాచ్‌లు అయ్యాయి. పేరు నమోదులో "ఏం ఆశిస్తున్నారు" అన్న గడిలో పెద్ద ఆశలు రాసినవాళ్లే మూడో వారం తర్వాత కనిపించడం లేదు. అడిగితే "పని తగ్గిస్తారేమో అనుకున్నాం" అంటున్నారు. ఆహ్వానం మెయిల్‌లో "ఒత్తిడి లేని ఉద్యోగం" అని రాసింది మేమే, తప్పు అక్కడే మొదలైందని నా అనుమానం.

రెండో బ్యాచ్‌కి ఆ మాట తీసేశాం. సెషన్‌ను భోజన విరామం నుంచి పనివేళల్లోకి మార్చాం, మేనేజర్లను గదిలోకి రానివ్వలేదు. హాజరు కాస్త మెరుగైంది గానీ మానేయడం ఆగలేదు.

అంచనాల ఫారం (ఈ శిక్షణ తమకు ఎంత ఉపయోగపడుతుందనుకుంటున్నారో 10లో ఒక అంకె ఎంచుకునేది) మొదటి సెషన్‌కు ముందు ఇస్తే అందరూ మధ్య అంకెకే టిక్కు పెడుతున్నారు, ఏం నేర్పుతామో తెలియదు మరి. సెషన్ చివర్లో ఇస్తే ట్రైనర్ ఎదురుగా ఉన్నారన్న మొహమాటంతో 10కి 8, 9 వేస్తున్నారు. పేర్లు తీసేసి సొంత కోడ్ రాసుకోమంటే 8వ వారానికల్లా సగం మంది అది మర్చిపోయారు, మార్కులు జత కలవలేదు.

ఈ మొహమాటం తగలకుండా, చివరి మార్కులతో జత కలిసేలా, అంచనాల ఫారాన్ని ఏ దశలో, ఎవరి చేత ఇప్పించాలి?