కణాలు లేకుండా ప్రోటీన్ తయారీ: విషంలా పనిచేసే ప్రోటీన్‌కి కుదురుతుందా?

ప్రశ్న:
బ్యాక్టీరియాను చంపే ఒక ప్రోటీన్ మీద పని చేస్తున్నాను. దాని జన్యువును ఈ-కోలై బ్యాక్టీరియాలో పెట్టి ఇండ్యూస్ చేస్తే (తయారీ మొదలుపెట్టిస్తే) చాలు, కల్చర్ పెరగడం ఆగిపోతోంది, చివరికి చేతికి ఏమీ రావడం లేదు. కణాలు లేకుండా ట్యూబ్‌లోనే చేసి చూడమని మా గైడ్ అంటున్నారు. కిట్ మాన్యువల్ చదివాను గానీ, బతికున్న కణమే లేనప్పుడు ప్రోటీన్‌ని ఎవరు తయారు చేస్తారో అర్థం కాలేదు. కొన్ని గంటల్లోనే రియాక్షన్ ఆగిపోతుందట, ఎందుకని? పీసీఆర్‌తో కాపీలు తీసిన డీఎన్ఏ ముక్కను నేరుగా వేయొచ్చా, దాన్ని ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్ఏలో అతికించే క్లోనింగ్ తప్పదా?

జవాబు 1:
కణం చచ్చినా లోపలి యంత్రాంగం పనిచేస్తూనే ఉంటుందండి. కణాలను పగలగొట్టి, పెంకుల ముక్కల్ని సెంట్రిఫ్యూజ్‌లో అడుక్కి దించేస్తే, పైన మిగిలిన ద్రవంలో (దీన్నే రసం అంటాం) ప్రోటీన్‌ని కట్టే రైబోజోములు, వాటికి అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే టీఆర్ఎన్ఏలు, కావలసిన ఎంజైములు ఉంటాయి, దానికి మీ డీఎన్ఏ, అమైనో ఆమ్లాలు, శక్తినిచ్చే ఏటీపీ, జీటీపీ లాంటివి కలిపితే చాలు. 1961లో నీరెన్‌బర్గ్, మత్తై అనే శాస్త్రవేత్తలు ఇలాంటి ఈ-కోలై రసంలోనే ఒట్టి యూ అక్షరాలున్న ఆర్ఎన్ఏ వేసి, ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం గొలుసు రావడం చూశారు. జన్యు సంకేతంలో మొదటి మాట అలా విడిపడింది, నాకైతే ఇప్పటికీ ఒళ్లు పులకరించే ప్రయోగం అది.

మీ ప్రోటీన్ పొరలకు చిల్లులు పెట్టే రకమైతే ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది, చంపడానికి అక్కడ కణం లేదు కదా. కానీ రైబోజోమునే దెబ్బతీసే రకమైతే ఇక్కడా అదే గొడవ. అది ముందు తేల్చుకోండి.

జవాబు 2:
రియాక్షన్ ఆగడానికి ముఖ్య కారణం శక్తి. ఏటీపీని తిరిగి నింపడానికి క్రియేటిన్ ఫాస్ఫేట్ లాంటిది వేస్తాం, అది ఖర్చయ్యే కొద్దీ ఫాస్ఫేట్ పేరుకుపోయి మెగ్నీషియంను పట్టేసుకుంటుంది, రైబోజోముకేమో మెగ్నీషియం లేకపోతే పని జరగదు. పైగా రసంలోని ఎంజైములు కొన్ని అమైనో ఆమ్లాలను తినేస్తాయి. అందుకే రసం కొత్తగా తయారుచేసిన ప్రతిసారీ మెగ్నీషియం మోతాదు మళ్లీ సరిచూసుకోవాలి, చాలామంది ఇది వదిలేసి పద్ధతినే తప్పుపడతారు.

పీసీఆర్ ముక్క వేయొచ్చు, కానీ ఆర్ఈసీబీసీడీ అనే ఎంజైమ్ కొసల నుంచి దాన్ని నమిలేస్తుంది, ఆ ఎంజైమ్‌ని అడ్డుకునే గామ్ ప్రోటీన్ కలిపితే ఆగుతుంది. లేదా రసం బదులు ప్యూర్ సిస్టమ్ అనేది తీసుకోండి. 2001లో టోక్యో విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించినది, విడివిడిగా శుద్ధి చేసిన భాగాలతో కడతారు కాబట్టి న్యూక్లియేజులు (డీఎన్ఏ, ఆర్ఎన్ఏలను తినే ఎంజైములు), ప్రోటియేజులు (ప్రోటీన్లను తినేవి) దాదాపు ఉండవు. ఖరీదు ఎక్కువే, అయినా చిన్న ప్రోటీన్‌ని ప్రోటియేజులు తినేస్తాయన్న టెన్షన్ తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. మాది పొర మీద పనిచేసే రకమే. అందులో రెండు డైసల్ఫైడ్ బంధాలున్నాయి (ప్రోటీన్ మడతను పట్టి ఉంచే గంధకపు బంధాలు), ఇబ్బందా?

జవాబు 2:
మామూలు మిక్స్‌లో డీటీటీ అనే రసాయనం ఉంటుంది, దాంతో ఆ బంధాలు కట్టుకోవు. డీటీటీ తీసేసి, ఆ బంధాలు కట్టుకునేలా చేసే ఆక్సిడైజ్డ్ గ్లుటాథయోన్‌తో పాటు, తప్పుగా కట్టుకున్నవాటిని సరిచేసే డీఎస్‌బీసీ ఎంజైమ్ వేయండి. పక్కనే ఒక ట్యూబ్‌లో జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్) డీఎన్ఏ కూడా పెట్టండి, అది మెరిసి మీది రాకపోతే లోపం మిక్స్‌లో కాదు, మీ డీఎన్ఏ డిజైన్‌లోనో ప్రోటీన్‌లోనో వెతకాలి.

జవాబు 3:
ఒక్క మాట, చిన్న ట్యూబ్‌లో బాగా వచ్చిందని అదే ట్యూబ్‌లో పది రెట్లు పోయకండి. రసానికి ఆక్సిజన్ అందక దిగుబడి పడిపోవచ్చు, వెడల్పాటి పాత్రలో పల్చగా పరిచి చేయండి.