ఈస్ట్ హామ్ దసరా వేడుకలో హెపటైటిస్ పరీక్షలు పెట్టాలా, వద్దా?

జగిత్యాల తమ్ముడు (ఈస్ట్ హామ్, లండన్):
మన సంఘం వాళ్లు ఈసారి బతుకమ్మ, దసరా కలిపి ఒకే రోజు హాల్లో చేస్తున్నారు. ఆ రోజు ఒక మూల హెపటైటిస్ బి, సి (లివర్‌కు పట్టే వైరస్ జబ్బులు) రక్తపరీక్షలు పెడదామని వాట్సాప్ గ్రూపులో అడిగాను. పండగ పూట రోగాల మాటలేంటని చాలామంది కోప్పడ్డారు. అక్కడ తెగలేదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నా.

ఎందుకు అడిగానో చెప్తాను. 2004లో మా నాన్న దుబాయ్ పోదామని మెడికల్‌కు వెళ్తే అన్‌ఫిట్ అని రాసిచ్చారు. హెపటైటిస్ బి ఉంటే గల్ఫ్ మెడికల్‌లో ఫెయిలేనని మా వైపు అందరికీ తెలుసు. ఆ కాగితం ఇచ్చినవాళ్లు గానీ, డబ్బు తీసుకున్న ఏజెంటు గానీ లివర్ డాక్టర్‌ను కలవమని ఒక్క మాట చెప్పలేదు. నాన్న ఆ కాగితాన్ని బీరువాలో చీరల కింద పెట్టేశాడు, అమ్మకు కూడా చెప్పలేదు. పదేళ్లకు కడుపులో నీరు చేరింది. స్కానింగ్ తీస్తే లివర్‌లో గడ్డ. నాలుగు నెలల్లో పోయాడు.

పోయిన చలికాలం నేను కడుపునొప్పితో ఇక్కడి ఏ అండ్ ఈకి (ఆసుపత్రి ఎమర్జెన్సీకి) వెళ్లాను. నొప్పి గ్యాస్‌దే. కానీ అక్కడ తీసిన రక్తంలోనే హెపటైటిస్ పరీక్ష కూడా చేశారు. తర్వాత ఫోన్ వచ్చింది, నాకూ బి ఉందని. నాకు ముప్పై మూడేళ్లు, ఒక్క లక్షణం లేదు. ఆ రాత్రి నొప్పి రాకపోతే నాకు తెలిసేదే కాదు. హాలుకు వచ్చేవాళ్లలో నాలాంటి వాళ్లు ఎంతమంది ఉన్నారో?

కృష్ణాతీరం:
తమ్ముడూ, మీ నాన్నగారి సంగతి చదివి మనసు పాడైంది. అయినా నేను వద్దనే అంటాను.

నీ ఉద్దేశం మీద అనుమానం లేదు, నా భయమంతా హాలు గురించే. అందరూ అందరికీ తెలిసిన చోట ఒకామె తెర వెనక్కి వెళ్లి ఐదు నిమిషాల్లో వచ్చి, ఇంకొకామె అరగంట ఉండిపోయి కళ్లు తుడుచుకుంటూ వస్తే ఏమైందో ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు తెలిసిన అమ్మాయి ఒకతి ఆరుగురితో కలిసి ఇల్లు అద్దెకు తీసుకుంది. బి పాజిటివ్ అని తెలియగానే తనకు కంచం, గ్లాసు వేరు పెట్టారు. నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఊళ్లో చూస్తున్న సంబంధం కూడా తప్పిపోయింది.

ఇంకో మాట. ఇండియాలో పుట్టావు కాబట్టి పరీక్ష చేయించుకో అంటే, వలస వచ్చినవాళ్లే రోగాలు మోసుకొచ్చారని రాసేవాళ్ల చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు. నిన్ను ఏ అండ్ ఈలో నీ దేశం అడిగి పరీక్ష చేయలేదు కదా. అందరికీ చేసినట్టే నీకూ చేశారు. అదే మర్యాద.

స్టాఫ్ నర్సు, ఇల్ఫర్డ్:
తమ్ముడూ, ముందు నీ సంగతి. అమ్మకూ, తోబుట్టువులకూ పరీక్ష చేయించావా? చిన్నతనంలో వచ్చే బి ఎక్కువగా కాన్పు సమయంలో తల్లి నుంచి, లేదా ఇంట్లో వాళ్ల నుంచి వస్తుంది. పుట్టినప్పుడు సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై ఐదుగురికి పైగా దానంతట అదే పోతుంది. నీకు ముప్పై మూడేళ్లకు బయటపడింది కానీ, వచ్చింది బహుశా పాలు తాగే వయసులో. ఇందులో నీ తప్పు గానీ, మీ అమ్మ తప్పు గానీ ఏముంది?

కృష్ణాతీరం వనజగారు, మీరు చెప్పిన కంచం గొడవ నిజం. నా వార్డులోనూ వింటుంటాను. మనవాళ్లు ఏ, ఈ, బి, సి అన్నీ కలిపి పచ్చకామెర్లు అనేస్తారు. ఏ, ఈ నీళ్ల వల్ల, తిండి వల్ల వస్తాయి. బి, సి రక్తంతో వస్తాయి. బి శృంగారం ద్వారా కూడా సోకుతుంది. ఒకే కంచంలో తిన్నా, ఒకే బాత్రూమ్ వాడినా, కౌగిలించుకున్నా రావు. వేరు పెట్టాల్సినవి రేజరు, టూత్‌బ్రష్. ఆ అమ్మాయి ఇంట్లో వాళ్లు చేయాల్సింది కంచం మార్చడం కాదు, టీకా వేయించుకోవడం. బికి టీకా ఉంది, సికి లేదు. కానీ సిని ఇప్పుడు ఎనిమిది నుంచి పన్నెండు వారాల మాత్రలతో నూటికి తొంభై ఐదుమందికి పైగా పూర్తిగా నయం చేస్తున్నారు. బి పూర్తిగా పోవడం అరుదు. అదుపులో ఉంచొచ్చు. అందరికీ మందులు కూడా అక్కర్లేదు, ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలామందికి సరిపోతుంది.

దేశం అడగడం గురించి మాత్రం నేను మీతో ఏకీభవించను. లండన్ ఏ అండ్ ఈల్లో 2022 ఏప్రిల్ నుంచి, మీరన్నట్టు దేశం అడగకుండా పరీక్ష చేసే పద్ధతి నడుస్తోంది. మొదట హెచ్ఐవి కోసం పెట్టారు, బి, సి కలిపారు, వద్దంటే చేయరు. కొత్తగా బయటపడుతున్నవాటిలో బిదే పెద్ద వాటా. మంచి పద్ధతి. కానీ ఏ అండ్ ఈకి వెళ్లేది జబ్బు చేసినవాళ్లే. ఆరోగ్యంగా తిరిగే మనవాళ్లను ఎవరు అడగాలి? బి ఎక్కువ ఉన్న దేశాల్లో పుట్టినవాళ్లకు పరీక్ష చేయాలని, వైద్యంలో ఏం చేయాలో సలహాలిచ్చే ఇక్కడి నైస్ సంస్థ 2012లోనే చెప్పింది. అయినా జీపీ (మనం పేరు నమోదు చేసుకునే క్లినిక్ డాక్టరు) అడగడు, మనం అడగం. లండన్, బ్రాడ్‌ఫర్డ్ ప్రాంతాల జీపీ క్లినిక్‌లలో హెప్‌ఫ్రీ అనే అధ్యయనం చేశారు, 2019లో ఫలితాలొచ్చాయి. వలస వచ్చినవాళ్లను పిలిచి అడిగిన క్లినిక్‌లలో ఐదుగురిలో ఒకరు పరీక్ష చేయించుకున్నారు. మామూలుగా వదిలేసిన చోట నూటికి ఇద్దరు కూడా లేరు. అడగకపోతే మర్యాద మిగులుతుందేమో గానీ, జబ్బు బయటపడదు.

కృష్ణాతీరం:
నర్సుగారు, మీరే చెప్పారు, పిలిచినా ఐదుగురిలో నలుగురు రాలేదని. ఎందుకు రాలేదు? సిగ్గు వల్లా, భయం వల్లా. హాల్లో పెడితే ఆ నలుగురు ఇంకా దూరం పోతారు. కాన్పుకు వెళ్లిన ప్రతి ఆడపిల్లకూ ఇక్కడ బి పరీక్ష చేస్తామంటారు. దేశం అడగరు, అందరికీ ఒకటే. నాకూ చేశారు, నేను చిన్నబుచ్చుకోలేదు. జీపీలో చేరే ప్రతి ఒక్కరికీ అలాగే చేయండి. నేనే ముందు నిలబడతాను.

హౌన్స్లో పెద్దాయన:
నేను 1991లో వచ్చాను. ఊళ్లో మా ఆర్‌ఎంపీ గారు స్టవ్ మీద గిన్నెలో గాజు సిరంజి మరిగించి ఊరందరికీ అదే వాడేవారు. జ్వరం గట్టిగా ఉన్న రోజు, జనం ఎక్కువ ఉన్న రోజు ఎంతసేపు మరిగిందో ఎవరు చూశారు? సూది పడితేనే జ్వరం తగ్గుతుందని మనమే పట్టుబట్టేవాళ్లం. మంగలి కత్తి అందరి గడ్డానికీ ఒకటే. జాతరలో పచ్చబొట్టు సూది ఒకటే. కామెర్లు వస్తే పసరు పోయించి, మణికట్టు మీద వాత పెట్టించేవారు. టీకా అప్పట్లో దిగుమతి సరుకు, మామూలు ఇళ్లకు అందేది కాదు. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి తెచ్చాకే ధర దిగింది. ఆ వయసు దాటి వచ్చినవాళ్లం మేము. మమ్మల్ని ఎక్కడ పుట్టారని అడిగితే నాకు అవమానం అనిపించదు. అది మా శరీరాల చరిత్ర.

మాస్టర్స్ కుర్రాడు:
అక్కా, నేను 2001లో పుట్టాను. నాకు చిన్నప్పుడు టీకాలన్నీ వేశారట. నేనూ చేయించుకోవాలా? ఇంకో టెన్షన్, పాజిటివ్ వస్తే వీసాకు ఇబ్బందా?

స్టాఫ్ నర్సు, ఇల్ఫర్డ్:
నాన్నా, మన దేశంలో ప్రభుత్వ టీకాల్లో బి 2002లో కొన్ని నగరాల్లో, జిల్లాల్లో మొదలైంది. దేశమంతా వచ్చేసరికి 2011 దాటింది. 2001 అంటే మీ వాళ్లు డబ్బు పెట్టి వేయించి ఉంటే తప్ప వేసి ఉండరు. చేయించుకో. ఇండియా నుంచి ఆరు నెలలకు మించి ఇక్కడికి రావాలంటే అడిగేది టీబీ పరీక్ష, హెపటైటిస్ కాదు. వైరల్ హెపటైటిస్ చికిత్సకు విదేశీయుల దగ్గర కూడా ఇక్కడ డబ్బు తీసుకోరు, చట్టంలోనే మినహాయింపు ఉంది. గల్ఫ్ మెడికల్ భయం ఇక్కడికి తెచ్చుకోవద్దు.

వనజగారు, హాలు విషయంలో మీ మాట కాదనలేను. రక్తం అక్కడ తీయడం నాకూ ఇష్టం లేదు. పాజిటివ్ వచ్చినవాళ్లతో మాట్లాడటానికి తలుపు వేసిన గది కావాలి, అది హాల్లో దొరకదు. మైకు ఇస్తే పది నిమిషాలు తెలుగులో మాట్లాడతాను. జీపీ రిసెప్షన్‌లో ఏమని అడగాలో రాసిన చీటీ ప్రతి కుటుంబానికీ ఇద్దాం. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇస్తే ఎవరు చేయించుకున్నారో ఎవరికీ తెలియదు.

కృష్ణాతీరం:
దానికి ఒప్పుకుంటాను. చీటీ మీద 'ఇండియాలో పుట్టినవాళ్లు' అని రాయడం మాత్రం ఇంకా నచ్చలేదు. 'చిన్నప్పుడు టీకా పడనివాళ్లు' అని రాయండి. అర్థం అదే, గుచ్చుకోదు. కంచం వేరు పెట్టొద్దన్న ముక్క పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ అమ్మాయికి నేనే ఇస్తాను ఒకటి.

హౌన్స్లో పెద్దాయన:
జీపీ ఒప్పుకోవాలంటే పుట్టిన దేశం చెప్పాలమ్మా, సలహా ఉన్నది దాని మీదే. రెండూ రాయండి.

జగిత్యాల తమ్ముడు:
రెండూ రాస్తాం. సంఘం పెద్దలతో మాట్లాడాను, ఆటపాటకు ముందు పది నిమిషాలు ఇస్తామన్నారు.

నర్సక్కా, మీరు అడిగాక ఇంటికి ఫోన్ చేశాను. నాన్న కాగితం సంగతి అమ్మకు ఇన్నేళ్లకు నేనే చెప్పాల్సి వచ్చింది. చాలాసేపు మాట్లాడలేదు. నిన్న రిపోర్టులు వచ్చాయి. అమ్మకు పాజిటివ్. లివర్ డాక్టర్ దగ్గరికి సోమవారం తీసుకెళ్తున్నారు. చెల్లికి నెగటివ్, మొదటి డోసు వేయించుకుంది.